పాత క్లబ్బు మిద్దెను కూల్చేముందు

చిత్తూరు, తిరుపతి వైపు పాత మునిసిపాలిటీ ఊళ్లలో ఒక తరహా భవనం ఇప్పటికీ అక్కడక్కడా నిలబడి ఉంది. పదహారు, పద్దెనిమిది అడుగుల ఎత్తున కప్పు, ముందూ పక్కలా వసారా, వెనక వేపచెట్టు, ఒకప్పుడు టెన్నిస్ ఆడిన ఎర్రమట్టి నేల. టౌన్ క్లబ్బనో, ఆఫీసర్ల క్లబ్బనో, రిక్రియేషన్ హాలనో పేరు. స్థలం మునిసిపాలిటీది, నడిపేది ఒక కమిటీ, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర. చిత్తూరు 1911 దాకా ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం. ఆ ఏడాది ఏప్రిల్‌లో తన పేరుతోనే జిల్లా అయింది, 1917లో మునిసిపాలిటీ వచ్చింది. తిరుపతి మునిసిపాలిటీ ఇంకా పాతది, 1886 నాటిది. కోర్టులూ కచేరీలూ ఉన్న ఊళ్లలో పొద్దు వాలాక వకీళ్లూ ఉద్యోగులూ నాలుగు మాటలు చెప్పుకోవడానికి ఇలాంటి క్లబ్బులు పెట్టుకున్నారు. ఇప్పుడు చిత్తూరూ తిరుపతీ రెండూ కార్పొరేషన్లు. ఆ క్లబ్బులున్న చోట్లు ఊరి నడిబొడ్డయ్యాయి. సెంటు విలువ లెక్కేసేవాళ్ల కళ్లన్నీ వాటి మీదే.

ఇలాంటి భవనం గురించి చర్చ మొదలైతే ముందు వినిపించే మాట ‘శిథిలావస్థ’. గోడ మీద చెమ్మ మరక, వసారాలో రాలిన పెచ్చు, పిట్టగోడలో మొలిచిన రావిమొక్క, ఈ మూడింటినీ ఫోటో తీస్తే చాలు, మాట ఖాయమైపోతుంది. తర్వాత మూడంతస్తుల ప్లాను బయటికొస్తుంది: కింద దుకాణాలు, పైన హాలు, దాని పైన ఇంకేదో. నా అభ్యంతరం ఆ ప్లాను మీద కంటే ఆ వరస మీద. భవనాన్ని పరీక్ష చేసి తీర్పు చెప్పాలి గానీ, తీర్పు రాసుకున్నాక సంతకం కోసం పరీక్ష చేయించకూడదు. పరీక్ష సరిగ్గా చేస్తే చాలా చోట్ల తేలే సంగతి ఒకటే. భవనానికి వచ్చిన జబ్బు వయసు కాదు, నీరు. నీటికి దారి చూపిస్తే ఆ మిద్దె ఇంకో రెండు తరాలు నిలుస్తుంది. ఆ దారి చూపించకుండా కొత్త కాంప్లెక్స్ కట్టినా ముప్పై ఏళ్లకు దానికీ ఇదే మాట పడుతుంది.

బయటి నుంచి ఒక్క భవనంలా కనిపించినా ఇవి చాలావరకు రెండు భవనాలు. అసలు హాలు పాతది: రాతి పునాది, గానుగ సున్నంతో కట్టిన ఇటుక గోడలు, మద్రాసు టెర్రస్ కప్పు. దానికి ఆనుకుని తర్వాతి రోజుల్లో కాంక్రీటుతో తగిలించిన ముక్కలు: మరుగుదొడ్లు, వంటగది, పేకాట గది, పోర్టికో. పెచ్చులు ఊడి ఇనుము కనబడే ఫోటోలు దాదాపు ఎప్పుడూ ఈ రెండో ముక్కవే. నెత్తిన పడేలా ఉన్నది తర్వాత తగిలించిన గది, నింద మోసేది పాత హాలు. కాబట్టి మొదట చేయాల్సింది ప్లాను కాగితం మీద ఈ రెండింటినీ రెండు రంగుల్లో గుర్తించడం. ఒక్కో ముక్కకూ విడిగా తీర్పు రావాలి. కాంక్రీటు మరుగుదొడ్లను కూల్చి హాలును నిలబెట్టడం పూర్తిగా సాధ్యమయ్యే పని. ఎస్టిమేట్‌లో ఆ వీలు చూపించకపోతే అడిగి రాయించాలి.

ఇక పాత హాలు కప్పు. మద్రాసు టెర్రస్ అంటే ఏమిటో తెలిస్తేనే అది ఎందుకు కారుతుందో తెలుస్తుంది. గోడ నుంచి గోడకు టేకు దంతెలు, అంటే సన్న దూలాలు, అడుగు నుంచి అడుగున్నర ఎడంతో. గది పెద్దదైతే వాటి కింద ఇనుప గర్డర్లు. దంతెల మీద ఆరంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉండే పల్చటి ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరసల్లో సున్నంతో పేరుస్తారు. దాని మీద సుమారు మూడంగుళాల ఇటుక జల్లి, సున్నం. రెండున్నర పాళ్ల జల్లికి ఒక పాలు సున్నం, అందులో ఇసుక కలపరు. కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు చల్లుతూ చెక్క దిమ్మిసలతో రోజుల తరబడి కొడతారు. ఆ కొట్టుడే అసలు పని. దిమ్మిస ఎగిరి పడే దాకా, జల్లి మీద ముద్ర దిగనంత దాకా కొట్టాలి. పైన చదును పెంకులు. బెల్లానికి పేరుమోసిన జిల్లాలో మిద్దెకు బెల్లం నీళ్లు పట్టడం వింతేమీ కాదు గానీ, ఇప్పుడు ఆ పని చేయించే మేస్త్రీలు తక్కువైపోయారు. ఉన్నవాళ్లను వెతికి పట్టుకోవాలి.

ఇంత మందపు కప్పు కొంచెం తడిని పీల్చుకుని ఎండకు వదిలేస్తుంది. దాని బలం అదే. పాతికేళ్లుగా దాని మీద చేసిన తప్పూ అక్కడే ఉంది. కారిన ప్రతిసారీ పైన ఒక సిమెంటు పొర వేస్తారు. సున్నం పీల్చిన తడి పైకి పోయే దారి మూసుకుపోయి కిందికి, అంటే టేకు దంతెల మీదికి దిగుతుంది. ఎండాకాలంలో సిమెంటు పొర ఒకలా, కింది సున్నపు జల్లి ఇంకోలా సాగుతాయి. మొదటి వేసవిలోనే పై పొర వెంట్రుకవాసి బీట్లిస్తుంది, నీరు లోపలికి పోతుంది గానీ తిరిగి బయటికి రాదు.

బరువు లెక్క కూడా వేద్దాం. అంగుళం, అంటే 25 మి.మీ. కాంక్రీటు చదరపు మీటరుకు 60 కిలోలు తూగుతుంది. రెండు రిపేర్లలో రెండంగుళాలు పెరిగితే 120 కిలోలు. మనుషులు ఎక్కే మిద్దెకు డిజైన్‌లో లెక్కించే తాత్కాలిక బరువు చదరపు మీటరుకు 150 కిలోలు. దాదాపు ఆ వాటా అంతటినీ రిపేర్లే తినేశాయన్నమాట. 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు హాలుకు ఈ అదనం పదకొండున్నర టన్నులు. ఒక లోడు టిప్పరును మిద్దె మీద ఎప్పటికీ నిలిపి ఉంచినట్టు. దానికి తోడు మరుగుదొడ్ల కోసం ఒక మూల వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు పెడతారు. నిండితే టన్ను, అదీ రెండు మూడు దంతెల మీదే. ట్యాంకు చుట్టూ ఎప్పుడూ తడి. హాలులో ఏ మూల దంతె వంగిందో చెప్పాలంటే ముందు పైన ట్యాంకు ఏ మూల ఉందో చూస్తే చాలు.

ఇప్పుడు వాన. మనకు జూన్ నుంచి వచ్చే నైరుతి కంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పట్టే తుఫాను వానలే గట్టివి. 2021 నవంబర్‌లో తిరుపతి వీధులు ఏరులై పారిన రోజులు ఎవరూ మరిచిపోలేదు. గంటకు 100 మి.మీ. వాన పడితే హాలూ వసారా కలిపి 200 చదరపు మీటర్ల కప్పు మీద ఆ గంటలో పడేది 20,000 లీటర్లు, నాలుగు ట్రాక్టర్ ట్యాంకర్ల నీళ్లు. అంత వానలో నాలుగంగుళాల గొట్టం ఒక్కొక్కటి సుమారు 40 చదరపు మీటర్ల నీటిని దించగలదు. అంటే అయిదు గొట్టాలు కావాలి. పాత భవనాల్లో మూడు ఉంటాయి. ఒకటి రంగు వేసినప్పుడు మూసుకుపోయి ఉంటుంది, ఒకదాని నోట్లో వేపాకూ పావురాల రెట్టా గడ్డకట్టి ఉంటాయి. మిగిలిన ఒక్క గొట్టం మీద మొత్తం భారం. పిట్టగోడకూ మిద్దెకూ మధ్య మూలలో నీరు నిలుస్తుంది, అక్కడే గోడలోకి దిగుతుంది.

హాలులోకి వెళ్లి తలెత్తి చూడండి. కప్పు మధ్యలో మరకలుండవు, లేదా తక్కువ. గోడ, కప్పు కలిసే చోట, అదీ పైన తూము ఉన్న దగ్గరే, ఉంగరాలు ఉంగరాలుగా గోధుమరంగు మరక ఉంటుంది. ఒక్కో ఉంగరం ఒక్కో వానాకాలం. ఆ మరక కింద దంతె కొన గోడలో దూరే చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడాలి. చేవ ఉన్న టేకు అయితే మొన దిగదు, టప్ మని శబ్దం వస్తుంది. అరంగుళం సులువుగా దిగితే కొన కుళ్లింది. సుత్తితో కొడితే డొల్ల శబ్దం వస్తే చెదలు లోపల తినేశాయి. ఎనభై తొంభై ఏళ్ల టేకు నడిమి భాగంలో ఇనుములా ఉండి, గోడలో దాగిన తొమ్మిదంగుళాల దగ్గర మాత్రం పిండైపోయి ఉండటం మామూలు. ఆ తొమ్మిదంగుళాల కోసం ఇరవై అడుగుల దంతెను పారేయనక్కర్లేదు, మొత్తం కప్పునైతే అసలే అక్కర్లేదు.

మిద్దె మరమ్మతు ఎలా చేయాలో క్రమంగా చెబుతాను. ముందు కింద జాకీలతో దంతెలకు ఆనింపు పెట్టాలి. ఇది చేయకుండా పైన గడ్డపార వేయకూడదు. తర్వాత సిమెంటు పొరలన్నీ చేతి ఉలితో తీయాలి. బ్రేకర్ మిషను పెడితే ఆ అదురుకు కింది ఇటుకల సున్నం వదిలేస్తుంది. తీసిన చెత్తను మిద్దె మీదే కుప్ప పోయకుండా అప్పటికప్పుడు దించాలి. కుప్ప బరువుకే కప్పు దిగిన సందర్భాలున్నాయి. కుళ్లిన కొనలను గట్టి కొయ్య కనబడే దాకా కోసి, రెండు పక్కలా ఇనుప ఛానెల్ ముక్కలు బోల్టులతో బిగించి, ఛానెల్‌ను గోడ మీద రాతిదిమ్మెపై కూర్చోబెట్టాలి. గోడలో దంతె చుట్టూ గాలి ఆడేంత సందు వదలాలి, సిమెంటుతో పూడ్చకూడదు. ఇటుక జల్లి గుల్లబారిన చోట్ల మాత్రమే తీసి, అదే పాళ్లలో కొత్త జల్లి వేసి కొట్టాలి. పదడుగులకు రెండున్నర అంగుళాల వాటం రావాలి, ఆ వాటం తూముల వైపు ఉండాలి. ఇది రాయాల్సిన మాటేనా అనిపిస్తుంది గానీ, వాటం ఎదురు దిక్కుకు పోయిన మిద్దెలు తక్కువేమీ కాదు. పిట్టగోడ మొదట్లో మూల కనబడకుండా గుండ్రంగా గార తిప్పాలి. చివర చదును పెంకులు, సందులు నిండుగా పూడ్చాలి.

సున్నం విషయంలో తొందర పనికిరాదు. సరిగా చల్లారని సున్నాన్ని అప్పటికప్పుడు కలిపి వాడితే తర్వాత గోడలో ఉడుకుతుంది, బొబ్బలు లేస్తాయి. కాల్చిన సున్నపురాయిని గుంటలో చల్లార్చి, జల్లెడ పట్టి, పైన నీరు నిలిపి మూడు వారాలు ఊరనివ్వాలి. టెండర్ షరతుల్లో ఈ మూడు వారాలు కనబడకపోతే కాంట్రాక్టర్ తప్పులేకుండా కూడా పని చెడుతుంది.

రావిమొక్క సంగతి కూడా ఇక్కడే. ఏటా రంగులకు ముందు దాన్ని కత్తితో కోసేస్తారు. కోస్తే వేరు లోపల ఇంకా లావెక్కి మరో నాలుగు చిగుళ్లు వేస్తుంది. కోసిన వెంటనే, పాలు ఆరకముందే, మొదలు మీద కలుపు మందు పూయాలి. వేరు ఎండిందని తేలాక అది పట్టుకున్న వరసల ఇటుకలను విప్పి వేరు మొత్తం లాగి, తిరిగి సున్నంతో కట్టాలి. బతికున్న వేరును లాగితే పిట్టగోడ కూడా దానితో వస్తుంది.

గోడల చెమ్మకు జనం వేసే మందు సిమెంటు పూత, దాని మీద టైల్స్. సున్నపు గోడకు ఇది ఊపిరి బిగపట్టడమే. నేలలోంచి ఎక్కిన తడి మూడడుగుల దగ్గర బయటికి రావాల్సింది టైల్స్ వెనక ఆరడుగుల దాకా పాకుతుంది. ఉప్పు పేరుకుని గార రాలుతుంది. ఆ సిమెంటు గారను చెమ్మ గీత కంటే అడుగు పైదాకా తీసేసి, ఒక వేసవి అంతా గోడను ఎండనిచ్చి, తర్వాత ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుక కలిపిన గార పూయాలి. అంతకంటే ముందు గోడ వెంబడి బయట నేల ఎంత ఎత్తు పెరిగిందో చూడాలి. రోడ్డు వేసిన ప్రతిసారీ ఊరు కాస్త పైకి లేస్తుంది, క్లబ్బు ఆవరణ గుంటగా మిగులుతుంది. గోడ చుట్టూ అడుగు వెడల్పు మట్టి తీసి, నీరు బయటికి పారే వాటంతో కాలువ తవ్వితే సగం చెమ్మ తగ్గుతుంది. ఖర్చు కూలీలదే.

గోడ బీటలకు తొందరపడి సిమెంటు నింపకండి. బీట మీద అడ్డంగా చిన్న గాజుపట్టీ అతికించి, దాని మీద తేదీ రాసి, ఒక వానాకాలం గడిచేదాకా చూడాలి. పగలకపోతే అది పాత బీట, చచ్చిన బీట. పగిలితే గోడ ఇంకా కదులుతోంది. మెట్లు మెట్లుగా మూలకు దిగే బీట అయితే ఆ మూల పునాది దగ్గర తవ్వి చూడాలి. కారుతున్న సంపో, పాత సెప్టిక్ ట్యాంకో బయటపడటం మామూలే.

కాంక్రీటు ముక్క దగ్గరికి వద్దాం. ఇక్కడ నేను పాతదంతా ఉంచాలనే పట్టు పట్టను. కాంక్రీటులో ఇనుమును కాపాడేది దాని క్షారం. ఏళ్ల తరబడి గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోపలికి ఇంకి ఆ క్షారాన్ని తినేస్తుంది. క్షారం చచ్చిన ఆ పొర ఇనుప కడ్డీని చేరి, తడి తోడైతే, తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది, పెచ్చును బయటికి తోసేస్తుంది. చూడటం సులువు: చిన్న ముక్క పగలగొట్టి, తాజా పగులు మీద ఫినాఫ్తలీన్ చల్లాలి. గులాబీ రంగు వస్తే క్షారం బతికుంది. రంగు రాని మందం ఎంతో స్కేలుతో కొలిచి, కడ్డీ ఎంత లోతులో ఉందో దానితో పోల్చాలి. పది నిమిషాల పని, మందు ఖర్చు స్వల్పం. అయినా చాలా రిపోర్టుల్లో ఈ కొలత ఉండదు.

వాటిలో ఎక్కువగా ఉండేది సుత్తి పరీక్ష, అంటే కొట్టిన సుత్తి ఎంత వెనక్కి ఎగిరిందో చూసి గట్టిదనం చెప్పే రీబౌండ్ హ్యామర్. ఇక్కడ ఒక మెలిక ఉంది. క్షారం చచ్చిన కాంక్రీటు పైపొర గట్టిపడుతుంది కాబట్టి పాత శ్లాబు మీద ఆ సుత్తి ఉన్నదానికంటే ఎక్కువ బలం చూపిస్తుంది. తడిసి ఉంటే తక్కువ చూపిస్తుంది. దాని ఒక్కదాని మీద ఆధారపడి ఉంచాలనీ కూల్చాలనీ రెండూ రాయకూడదు. అల్ట్రాసోనిక్ పరీక్షలో శబ్దవేగం సెకనుకు 3.5 కిలోమీటర్లు దాటితే కాంక్రీటు బాగున్నట్టు, అంతకు తగ్గితే అనుమానించాల్సినట్టు లెక్క. కడ్డీ దగ్గర వోల్టేజి కొలిచే హాఫ్‌సెల్ పరీక్షలో మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే కిందికి పోతే అక్కడ తుప్పు నడుస్తోందని దాదాపు ఖాయం. ఆఖరి మాట కోర్ పరీక్షది, అంటే కాంక్రీటులోంచి స్తంభంలాంటి ముక్కను కోసి తీసి, నలిపి బలం చూడటం: కడ్డీలు ఎక్కడున్నాయో ముందు మీటరుతో వెతికి, వాటిని కోయకుండా, కనీసం మూడు కోర్లు తీయాలి.

కోర్ ఫలితం చదవడంలోనే అసలు అన్యాయం జరుగుతుంది. ఆ రోజుల్లో ఇలాంటి గదులకు వేసింది 1:2:4 కాంక్రీటు, ఇప్పటి లెక్కలో ఎం-15, అంటే చదరపు మి.మీ.కు 15 న్యూటన్ల బలం. కాంక్రీటు పనులకు భారత ప్రమాణమైన ఐ.ఎస్. 456 ప్రకారం మూడు కోర్ల సగటు నిర్ణయించిన బలంలో 85 శాతం, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకుండా ఉంటే చాలు. అంటే ఆ శ్లాబుకు సగటు 12.75 వస్తే అది కట్టిన నాటి లెక్కకు సరిపోయినట్టే. ఈనాడు కొత్త నిర్మాణానికి కనీసం ఎం-20 కావాలి కాబట్టి, 14 వచ్చిన శ్లాబును ఎం-20తో పోల్చి ‘ప్రమాణాలకు తగదు’ అని రాసేస్తారు. కావాల్సింది పోలిక కాదు, లెక్క: ఈ బలంతో, మిగిలిన ఇనుముతో, మోయాల్సిన బరువు మోస్తుందా? ఆ లెక్క పేజీ లేని రిపోర్టును వెనక్కి పంపాలి.

నిలబెట్టాలని తేలితే పని ఇలా: కడ్డీ వెనక వైపుకు కూడా ముప్పావంగుళం ఖాళీ వచ్చేలా చెడిన కాంక్రీటు కొట్టేయాలి. తుప్పు మెరుపు వచ్చేదాకా గీకాలి. కడ్డీ అడ్డుకోత వైశాల్యంలో అయిదో వంతుకు పైగా పోయి ఉంటే పక్కన కొత్త కడ్డీ కట్టాలి. తుప్పు నిరోధక పూత, ఆపైన పాలిమర్ కలిపిన గార, ఒక్కో పొర అరంగుళం మించకుండా. తుప్పు కనబడకుండా పైపైన సిమెంటు పూసి రంగు వేస్తే రెండు వానాకాలాలకు అదే పెచ్చు, ఇంకొంచెం పెద్దదై, రాలుతుంది. మరుగుదొడ్ల శ్లాబు అయితే నాకు పెద్దగా మోజు లేదు. నలభై ఏళ్లు కింది నుంచి ఆవిరీ పై నుంచి లీకూ తిన్న నాలుగంగుళాల శ్లాబును బాగుచేసే డబ్బుతో కొత్తది వస్తుంది. కూల్చేసి, హాలు గోడకు తగలకుండా నాలుగడుగుల ఎడంగా కట్టడం మేలు. ఆడవాళ్లకు విడిగా, తలుపు వసారా వైపు కనబడేలా. ఇంతకాలం ఈ క్లబ్బుల్లోకి ఆడవాళ్లు రాకపోవడానికి పేకాట గది ఎంత కారణమో, మరుగుదొడ్డి లేకపోవడమూ అంతే కారణం.

వైరింగ్‌లో బేరాలు వద్దు. చెక్క పట్టీల మీద పోయే పాత రబ్బరు తొడుగు వైర్లు, పింగాణీ ఫ్యూజులు మొత్తం పీకేయాలి. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5 చదరపు మి.మీ. రాగి వైరు, రెండు కొత్త ఎర్త్ గుంటలు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఏసీలు పెట్టకండి. పద్దెనిమిది అడుగుల ఎత్తు హాలును చల్లబరచడానికి కరెంటు తగలేయాలి, కిటికీలు మూయాలి, ఏసీ నీరు మళ్లీ అదే గోడలో కారుతుంది. ఎత్తు కప్పు, మందపు మిద్దె, ఎదురెదురు కిటికీలు మే నెలలో కూడా పని చేస్తాయి, పైన వేడి గాలి పోయే రోషన్‌దాన్లకు కొట్టిన ప్లైవుడ్ చెక్కలు ఊడదీస్తే.

ర్యాంపు గురించి ఒక్క మాట. అరుగు రెండున్నర అడుగులుంటే, అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు చొప్పున ముప్పై అడుగుల ర్యాంపు కావాలి. మధ్యలో మలుపు తిప్పి వసారా పక్కగా తీసుకోవచ్చు. మెట్ల మీద ఎనిమిదడుగుల సిమెంటు జారుడుబండ పోసి ర్యాంపు అని ఫోటో తీస్తే చక్రాల కుర్చీ ఎక్కదు.

ఇంత చేసి ఎవరికోసం అన్నదే పెద్ద ప్రశ్న. పాత సభ్యత్వ క్లబ్బును అలాగే బతికించమని నేను అడగడం లేదు. మునిసిపల్ స్థలంలో ఇరవై మంది కోసం తాళం వేసి ఉంచే హాలును ఊరి సొమ్ముతో బాగుచేయమనడం న్యాయం కాదు. మరమ్మతుకు డబ్బు పెట్టే తీర్మానంలోనే హాలు గంటల లెక్కన ఎవరికైనా దొరకాలన్న షరతు ఉండాలి. ఏది ఆ హాలులో ఇముడుతుందో కొలిచి చెప్పాలి. షటిల్ కోర్టు 13.4 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పు; అంత నేల ఉన్నా, సరిగ్గా ఆడాలంటే ఇంతకంటే చాలా ఎత్తు కావాలి, ఈ కప్పు అయిదున్నర మీటర్లే. లోపల షటిల్ వద్దు, పాత టెన్నిస్ నేల మీద వేసుకోవచ్చు. టేబుల్ టెన్నిస్ బల్ల 2.74 మీటర్లు, వెనక్కి జరిగి ఆడే చోటు కలిపి ఒక్కోదానికి తొమ్మిది మీటర్ల పొడవు, నాలుగున్నర వెడల్పు లెక్కేస్తే అడ్డంగా కాకుండా నిలువుగా ఒకటే సౌకర్యంగా పడుతుంది, పక్కన నాలుగు క్యారమ్ బల్లలు. పొద్దున యోగా, పదిన్నర నుంచి నాలుగు దాకా పోటీ పరీక్షల పిల్లలకు చదువుకునే గది, సాయంత్రం సంగీతమో నాటకం రిహార్సలో. తిరుపతిలో అద్దె గదుల్లో నలుగురేసి ఉండి చదివే పిల్లలకు నిశ్శబ్దంగా ఫ్యాను కింద కూర్చునే చోటు ఎంత అవసరమో ఆ వీధుల్లో నడిచినవాళ్లకు తెలుసు.

పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ ఇవ్వొచ్చు, నెలకు నాలుగు రోజులు మించకుండా. హాలును పాడుచేసేది ఫంక్షన్లే. గచ్చు మీద గ్యాసు పొయ్యి పెడితే వేడికి గచ్చు పెళుసెక్కి పెచ్చులౌతుంది, డెకరేషన్‌కు కొట్టిన మేకులు సున్నపు గోడను గుల్ల చేస్తాయి. వంటకు ఆవరణలో రేకుల షెడ్డు విడిగా వేసి, గోడ పైభాగంలో తాడు కట్టుకోవడానికి ఇనుప కొక్కేలు ముందే బిగించి, మేకు కొడితే డిపాజిట్ పోతుందని రసీదు మీదే ముద్రించాలి.

దుకాణాల వాదన కొట్టిపారేసేది కాదు. మునిసిపాలిటీకి సొంత రాబడి కావాలి. అయితే రోడ్డు ముఖంగా ఉన్న కింది వరస దుకాణాలకే అద్దె పలుకుతుంది, పై అంతస్తులకు బేరగాళ్లు ఎక్కరు. ఆ ఒక్క వరస కోసం హాలు కూల్చనక్కర్లేదు. ఆవరణ గోడ వెంట పదడుగుల లోతున దుకాణాలు వేసి, మధ్యలో వెడల్పాటి దారి వదిలితే చాలు. ఆ అద్దెలో ఒక వాటా హాలు నిర్వహణ ఖాతాకు విడిగా జమ కావాలి. సాధారణ నిధిలో కలిస్తే తూము శుభ్రం చేయడానికి కూడా తర్వాతి బడ్జెట్ దాకా ఆగాల్సి వస్తుంది.

పనికి కాలం కూడా ముఖ్యమే. ఏప్రిల్‌లో మంజూరై, ఎండాకాలమంతా ఫైలు తిరిగి, టెండర్ పిలిచి, అగ్రిమెంటు సెప్టెంబర్‌లో రాసుకుంటే, కాంట్రాక్టర్ మిద్దె విప్పేది సరిగ్గా తుఫాను ముందు. విప్పిన మిద్దె మీద ఒక్క రాత్రి వాన పడినా ఆరు నెలల పని నేలపాలు. టెండర్ చలికాలంలో ముగిసి, ఫిబ్రవరిలో మిద్దె విప్పి, జూన్‌లోగా పెంకులు పరిచేలా ఉంటేనే ఒప్పుకోవాలి. పని అయ్యాక నీరు నిలిపి పరీక్షిస్తామంటే అంగుళం లోతు చాలు, చదరపు మీటరుకు పాతిక కిలోలు. దంతెలు బాగుచేయని మిద్దె మీద ఆ పరీక్ష కూడా చేయకూడదు.

మీ ఊళ్లో ఇలాంటి భవనం గురించి తీర్మానం వస్తుంటే వార్డు కార్పొరేటర్ ద్వారా మూడు కాగితాలు అడగండి. పాత, కొత్త ముక్కలను విడివిడిగా చూపే కొలతల ప్లాను. మిద్దె మీద ఎన్ని పొరలున్నాయో నాలుగు చోట్ల తవ్వి కొలిచిన మందం, తూముల సంఖ్యతో సహా. కాంక్రీటు ముక్కకు కోర్ ఫలితాలు, వాటి కింద బరువు లెక్క. అవి వచ్చేదాకా తీర్మానం వాయిదా పడినా నష్టం లేదు. ఈలోగా సెప్టెంబర్ దాటకుండా తూముల్లోని ఆకు తీయించాలి. ఇద్దరు మనుషులు, ఒక నిచ్చెన, ఒక వెదురుగడ, నాలుగు గోనెసంచులు, అరపూట పని.